నగరదర్శనమున ఇల్లాలి కావలి

చలికాలము వచ్చినతోడనే భాగ్యనగరమునకు జనప్రవాహము మొదలగును. వానలు వెనుకబట్టి, ఎండ తీవ్రత తగ్గి, నడచుటకు అనుకూలమైన దినములవి. డిసెంబరు 25వ తేదీ క్రైస్తవుల పండుగ. జనవరి 26వ తేదీ గణతంత్రదినము. ఈ సెలవులకు జిల్లాలనుండి రైళ్లలోను, బస్సులలోను, అద్దెకార్లలోను కుటుంబములకు కుటుంబములే నగరదర్శనమునకు బయలుదేరుచున్నవి. నగరవాసులును ఆనాడు ఇంటిపట్టున నుండరు. గోలకొండ, చార్మినారు, సాలార్జంగు మ్యూజియము, జంతుప్రదర్శనశాల, బిర్లామందిరము, హుస్సేనుసాగరము, జనవరి మాసమైనచో నాంపల్లి పారిశ్రామిక ప్రదర్శనము: ఇవి అందరి నోటను నానుచుండు స్థలములు.

ఈ ఆచారమును మేము నిందింప బూనలేదు. పైపెచ్చు మెచ్చుకొనుచున్నాము. మన ముత్తవ్వల కాలమున గృహిణి గడప దాటుటకు పెండ్లి, పురుడు, చావు, తీర్థయాత్ర అను నాలుగే కారణములుండెడివి. తీర్థయాత్రకైనను వయసు ముదిరి కాళ్లు పట్టుదప్పిన పిదపనే అవకాశము. వినోదముకొఱకు, విజ్ఞానముకొఱకు స్త్రీ ప్రయాణము చేయుననుట లోకమునకు వింతగా నుండెడిది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించినప్పుడును, 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించినప్పుడును, వారి నెదిరించినవారి వాదములకు అడుగున నున్నది ఒక్కటే మాట: స్త్రీకి ఇల్లే లోకము. నేడు ఆ మాటను పైకి చెప్పువారు తక్కువ. భార్యను, తల్లిని, కూతురిని వెంటబెట్టుకొని నగరము చూపింప వచ్చు పురుషుడు తన తాతకంటె ఒక మెట్టు పైకెక్కినవాడే. అందు సందేహము లేదు.

అయినను మా ప్రశ్న యొకటి కలదు. ఆ కుటుంబములో ఇల్లాలు నగరమును చూచుటకు వచ్చినదా? లేక చూచువారికి ఊడిగము చేయుటకు వచ్చినదా? మేము చెప్పదలచినదంతయు ఈ ప్రశ్నలోనే ఉన్నది. ఇల్లాలు గడప దాటినది గాని, గడప ఆమెను విడువలేదు. ఆమె తన వంటయింటిని, ఉయ్యాలను, కావలిని మూటగట్టి చంకబెట్టుకొని వచ్చుచున్నది.

సెలవునాటి ఉదయమును గూర్చి యోచింపుడు. తక్కిన దినములలో అయిదు గంటలకు లేచునామె ఆనాడు మూడున్నరకే లేవవలయును. పదిమందికి పులిహోర కలుపవలెను. పిల్లలకు దద్ధ్యోజనము వేరుగా చేయవలెను. మామగారికి మధుమేహమైనచో రొట్టెలు కాల్చవలెను. సకినములో జంతికలో ముందునాటి రాత్రియే వండియుండును. నీళ్లసీసాలు నింపి, విస్తరాకులు లెక్కపెట్టి, పసిబిడ్డకు మార్చు బట్టలు, అత్తగారి మాత్రలు, పెద్దవాని ఉన్నిటోపీ సంచిలో సర్ది, అందరిని లేపి, స్నానములు చేయించి, తల దువ్వి, తాను మాత్రము తడిజుట్టు ముడివేసికొని చివరకు బండి యెక్కును. అప్పటికి ఇంటి యజమాని వాకిట నిలిచి "ఇంకా కాలేదా? ఈ ఆడవాళ్లతో బయలుదేరితే ఇంతే!" అని గడియారము చూచుచుండును. ఆలస్యమునకు కారణము ఆమె యని అందరును నమ్ముదురు. ఆ ఆలస్యములో ఎవరెవరి పనులెన్ని యిమిడియున్నవో లెక్కించువారు లేరు.

లెక్క కావలసినవారికి లెక్కయు కలదు. భారతప్రభుత్వ గణాంక కార్యాలయమువారు 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో తేలిన దిది: ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు ఆ పనికి వెచ్చించుచుండ, ఇంటిపని చేయు పురుషులు 97 నిమిషములు మాత్రమే వెచ్చించుచున్నారు. అదియు, ఆ పనికి చేయి తగిలించినవారే స్త్రీలలో నూటికి 81 మంది. పురుషులలో నూటికి 26 మంది. అనగా మన స్త్రీ దినమునకు ఇంచుమించు అయిదు గంటలు జీతము లేని కొలువు చేయుచున్నది. కచేరీకి ఆదివారము కలదు. పాఠశాలకు వేసవి కలదు. ఈ కొలువునకు మాత్రము విరామము లేదు. విహారదినమున ఆ అయిదు గంటలు తగ్గుటకు మారుగా ఏడెనిమిది గంటలగుచున్న దనిన, దానిని విహార మని యెట్లు పిలుతుము?

తెలుగున సెలవు అను మాటకు గల అర్థములను గమనింపుడు. పనినుండి విరామము ఒక అర్థము. అనుజ్ఞ మరియొక అర్థము. పూర్వము వ్యయమునకును సెలవనియే పేరు. ధనము సెలవయినదనగా ఖర్చయినదని భావము. సెలవుదినమున ఈ మూడర్థములును మన కుటుంబములో పంచుకొనబడుచున్నవి. విరామము పురుషునిది, "సెలవా?" యని అనుజ్ఞ యడుగుట పిల్లలది, వ్యయమగుట ఇల్లాలిది.

ఇక నగరములోని స్థలములను ఒక్కొక్కటిగా చూతము.

గోలకొండకు రండి. మట్టికోటగా కాకతీయులనాడు వెలసి, కుతుబుషాహీల చేత రాతికోటగా మారి, 1687లో ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట ఔరంగజేబు వశమైన దుర్గమిది. తెలుగువారికి దీనితో మరింత దగ్గర సంబంధము కలదు. అక్కన్న మాదన్నల మేనల్లుడైన కంచర్ల గోపన్న, భద్రాద్రిరాముని కోవెలకై సర్కారు పైకము వెచ్చించినందులకు తానీషా కాలమున ఈ కోటలోనే చెరయుండెను. ఆ చెరసాలను చూడని తెలుగు కుటుంబము అరుదు. శిఖరమున నున్న బాలాహిస్సారునకు 360 మెట్లు ఎక్కవలయును. ఎక్కువారెవరు? తండ్రి, మగపిల్లలు, మరిది, పెండ్లికాని ఆడపడుచు. క్రింద చెట్టునీడను కూర్చుండువారెవరు? మోకాళ్ల నొప్పులు గల అత్తగారు, పసిబిడ్డ, ఆరు సంచులు. వీరందరికి కావలిగా కోడలు. "నువ్వు ఇక్కడే కూర్చో, సామాన్లు చూస్తూ ఉండు, మేం చిటికెలో వచ్చేస్తాం" అని యజమాని చెప్పిపోవును. ఆ చిటిక గంటన్నర. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద చప్పట్లు కొట్టినచో కొండకొమ్మున వినవచ్చునట్లు ఆ కాలపు శిల్పులు కట్టిరి. ఆ వింతను పరీక్షింపని యాత్రికుడు లేడు. కొండక్రిందనుండి చప్పటి శబ్దము పైకి వినబడుచున్నది గాని, కొండక్రింద కూర్చున్న ఇల్లాలి మనస్సు మాత్రము పైకెక్కినవారి కెవరికిని వినబడదు. రామదాసు పండ్రెండేండ్లు బందీగా నుండెనని పిల్లలకు చెప్పుచు దిగివచ్చు తండ్రికి, చెట్టుక్రింద ఎవరు బందీయై యున్నారో తోచదు.

అచటినుండి మూసీ యొడ్డునకు పోవుదము. మూడవ సాలార్జంగు మీర్ యూసుఫ్ అలీఖాను 1949లో మరణించునాటికి కూడబెట్టిన అపూర్వవస్తువులతో 1951లో ప్రారంభమైన ప్రదర్శనశాల, 1968నుండి నేటి భవనమున నున్నది. ఇందు ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి రెబెకా విగ్రహము కలదు. మొదటి సాలార్జంగు 1876లో రోమునగరమున దానిని కొనెను. ముఖముపై మేలిముసుగు జారుచున్నట్లును, ఆ ముసుగులోనుండి కన్నులు, పెదవులు కనబడుచున్నట్లును రాతిలో తెచ్చిన నేర్పు చూచి జనులు నివ్వెరపోవుదురు. రాతి స్త్రీ ముసుగు మాటున నున్న ముఖమును చూచుటకు అంత శ్రద్ధ వహించు పురుషుడు, తన ప్రక్కన బిడ్డ నెత్తుకొని నిలిచిన స్త్రీ ముఖమున నిద్రలేమి చూడజాలకుండుట విచిత్రము కాదా? అదే భవనమున ఒక గడియారము కలదు. గంటగంటకును దానిలోనుండి గడ్డపుమనిషి యొకడు వెలువడి గంట కొట్టిపోవును. ఎక్కువ దెబ్బలు వినవలెనని పండ్రెండు గంటల వేళకు జనులు మిక్కిలిగా మూగుదురు. సరిగా ఆ వేళకే పసివాడు ఆకలికి ఏడ్చును, పెద్దవాడు "అమ్మా, అన్నం ఎప్పుడు?" అనును. ఇల్లాలు విస్తళ్లు వేయ వీలగు చోటు వెదకుచు బయటికి పోవును. గడియారపు మనిషి వచ్చిపోయెనని ఆమె పిల్లల నోట వినును. గంట కొట్టుట ఆ మనిషికి గంటకొకసారి పని. ఈమెకు గంటయంతయు పనియే.

చార్మినారు సంగతియు నింతే. 1591లో మహమ్మదు కులీ కుతుబుషా కట్టించిన ఆ సౌధముపైకి ఇరుకైన మెట్లచుట్టు గుండ ఎక్కవలయును. చంకలో బిడ్డతో ఎక్కలేరు. కావున ఆమె క్రిందనే నిలుచును. క్రింద నిలిచినందులకు ప్రక్కనున్న లాడుబజారున లక్కగాజుల దుకాణములైన చూడవలెనని ఆమెకు కోరిక. అంతలో పైకెక్కినవారు దిగుదురు. "గాజులు మన ఊళ్లో దొరకవా?" అని బండి యెక్కింతురు. కోటలు, ఫిరంగులు, పులులు చూచుట జ్ఞానమనియు, గాజులు చూచుట చాపల్యమనియు మనవారి నిర్ణయము. నిప్పుసెగను లక్క కరగించి, వలయముగ త్రిప్పి, అద్దపుతునకలు తాపుచేయు పనివాని హస్తకౌశలము జ్ఞానము కాదా? ఆ కౌశలమే పాతబస్తీలో ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. అది చూచిన పిల్లలు చెడుదురా?

బడిపంతుళ్లమైన మాకు ఈ విషయమున నొక సాక్ష్యము దొరకుచున్నది. సెలవులనుండి వచ్చిన పిల్లలచేత 'నేను చూచిన నగరము' అను వ్యాసమును ప్రతి సంవత్సరమును వ్రాయింతుము. వ్యాసములలో నాన్నగారు టిక్కెట్లు కొనెదరు, త్రోవ అడిగెదరు, సింహమును చూపెదరు, రాజుల కథ చెప్పెదరు. బాబాయి ఛాయాచిత్రములు తీసెదరు. అమ్మ ఒక్క వాక్యమున మాత్రమే వచ్చును: "మధ్యాహ్నము అమ్మ పులిహోర పెట్టినది." ఆ తరువాత మరల కనబడదు. పిల్లలు అబద్ధము వ్రాయలేదు, చూచినదే వ్రాసిరి. పదేండ్ల బాలుడు ఈ విహారమున నేర్చిన పాఠమేమి? చూచువాడు పురుషుడు, వడ్డించునది స్త్రీ అని. పదేండ్ల బాలిక నేర్చిన పాఠమేమి? రేపు నేనును అట్లే కూర్చుండవలయునని. కుతుబుషాహీల తేదీలు పరీక్షతో మరచిపోవుదురు. ఈ పాఠమును మాత్రము మరువరు. మాకు భయము కలుగుట అందుచేతనే. విహారము విద్య యని మనమందరము ఒప్పుకొన్నచో, అది నేర్పు విద్య ఏదియో విచారింపక తప్పదు.

దీనికి చెప్పబడు సమాధానములు మాకు తెలియనివి కావు.

"ఆమెయే చూడనన్నది" అని మొదటివారు. నిజమే. "నేనేం చూస్తానండీ, మీరు వెళ్లి రండి" అని ఆమె నోటనే వచ్చును. మూడున్నరకు లేచి ఎనిమిది గంటలు నిలువుకాళ్లపై నున్న మనిషి మెట్లు చూచి ఇంకేమనును? మరియు ఎవరో ఒకరు కూర్చుండక తప్పదని, ఆ ఎవరో తానే యని ఆమెకు పుట్టినదిమొదలు నేర్పితిమి. మనము నేర్పిన మాటను ఆమె అప్పగించుచుండగా దానిని ఆమె యిష్టమనుట న్యాయమా?

"బయటి తిండి అనారోగ్యము, పైగా సెలవునాడు ధరలు మండిపోవును" అని రెండవవారు. ఇందును కొంత సత్యము కలదు. ఇంటిభోజనము కట్టుకొనివచ్చుట మాకు సమ్మతమే. కాని కట్టుకొనివచ్చుటకు వంట ఎవరు చేయవలెను? చింతపండు పిసుకుటకు స్త్రీ చేయియే కావలెనని ఏ శాస్త్రమున నున్నది? నలభీమపాకమని పాకశాస్త్రమునకు ఇద్దరు పురుషుల పేర్లు పెట్టుకొన్న జాతి మనది. పెండ్లిండ్లలో వందలమందికి వండువారు పురుషులు. హోటళ్లలో వండువారు పురుషులు. జీతము వచ్చు చోట గరిటె పట్టుట పురుషునకు అవమానము కాదు. ఇంట పట్టిన మాత్రము పౌరుషము చెడునట! ధనము మిగిలినదని సంతసించువారు అది ఎవరి ఒంటినుండి మిగిలినదో కూడ లెక్కింతురుగాక.

"పసిబిడ్డ తల్లిని విడిచి యుండగలదా?" అని మూడవవారు. పాలు త్రాగునంతసేపు ఉండలేదు. తక్కిన గంటలలో తండ్రి భుజము తల్లి భుజముకంటె గట్టిది. తండ్రి యెత్తుకొన్నచో ఏడ్చు బిడ్డ, తండ్రి యెన్నడును ఎత్తుకొననందువలన ఏడ్చుచున్నది.

"ఛాయాచిత్రములు చూడండి, అన్నిటను ఆమె యున్నది గదా!" అని నాలుగవవారు. ఉన్నది. ఛాయాచిత్రము తీయు క్షణమున చెట్టుక్రిందనుండి పిలువనంపి, కొంగు సవరింపజేసి, నవ్వు మని చెప్పి, తీసినతోడనే తిరిగి సంచులవద్దకు పంపుదురు. ఆ చిత్రములు బంధువులందరి సెల్‌ఫోనులకు పోవును. చూచినవారు "ఎంత అదృష్టవంతురాలు, భర్త ఊరంతా చూపించాడు" అందురు. ఆమె చూడని స్థలములన్నిటను ఆమెకు సాక్ష్యము మాత్రము మిగులును.

"మా యింట ఇట్టి పద్ధతి లేదు, మా ఆవిడ ఉద్యోగస్థురాలు, అన్నియు చూచును" అని కొందరు విద్యావంతులు గర్వముతో చెప్పుదురు. వారి వెంట తరచుగా పండ్రెండు పదునాలుగేండ్ల పిల్ల యొకతె కనబడును. బిడ్డను మోయుటకు పల్లెనుండి తెచ్చికొన్న బీదవాని కూతురది. యజమానులు లోపల చిత్రములు చూచుచుండ ఆ పిల్ల బయట బండి నూపుచు నిలుచును. వారు భోజనము చేయుచుండ దూరపు బల్లపై కూర్చుండును. ఇల్లాలి కావలి తీరలేదు; చేయి మారినది. ఒకరి భుజమునుండి తీసి తనకంటె దుర్బలమైన భుజముపై పెట్టినదానిని సంస్కారమని పిలుచుట మాకు చేతకాదు.

ఈ కష్టమునంతటిని రెండింతలు చేయునది మనవారి జాబితా. ఒక్క పగటిలో ఏడు స్థలములు చూచితిమని చెప్పుకొనుట గొప్ప. ప్రొద్దున గోలకొండ, పదకొండింటికి చార్మినారు, పండ్రెండింటికి మ్యూజియము, రెండింటికి జంతువులు, నాలుగింటికి బిర్లామందిరము, సాయంకాలము సాగరము, రాత్రి ప్రదర్శనము. ఏడు స్థలములనగా ఏడుమార్లు సంచులు దింపుట, ఏడుమార్లు ఎక్కించుట, ఏడుమార్లు పిల్లలను లెక్కపెట్టుట. ఈ పనులు జాబితా వ్రాసినవానివి కావు. పురుషుడైనను ఏమి చూచుచున్నాడు? హుస్సేనుసాగరమధ్యమున నిలిచిన బుద్ధవిగ్రహమును ఒడ్డునుండి చూచి, చేయెత్తి మ్రొక్కి, బండి యెక్కుచున్నాడు. రాయగిరి రాతిలో చెక్కబడిన ఆ ఏకశిలామూర్తి 1990 మార్చి 10వ తేదీన తీసికొనిపోవుచుండగా నీటిలో పడిపోయెననియు, ఆ ప్రమాదమున పనివారు ప్రాణములు గోల్పోయిరనియు, మూర్తి 1992వరకు సాగరగర్భమున నుండెననియు పిల్లలకు చెప్పుటకు తీరికయేది? ట్యాంకుబండుపై మొల్ల కలదు, రుద్రమదేవి కలదు, వీరేశలింగముగారు కలరు. కుమ్మరియింట పుట్టి రామాయణము వ్రాసిన స్త్రీ, ఓరుగల్లు సింహాసన మెక్కిన స్త్రీ, స్త్రీలకై జీవితమంతయు పోరాడిన పురుషుడు ఒకే వరుసలో నిలిచియుండగా, వారి పాదములచెంత మన ఇల్లాలు సంచికి ఆనుకొని కునికిపాట్లు పడుచుండును. ఒక్క స్థలమును నిదానముగ చూచినవాని కంటె ఏడు స్థలములు పరుగెత్తినవాడు తక్కువ చూచును. అందులో ఇల్లాలు ఏమియు చూడదు.

ఈ విషయము జనవరి 26వ తేదీన మఱింత చేదుగా తోచును. 1950లో ఆనాడు మన రాజ్యాంగము అమలునకు వచ్చినది. దాని 15వ అధికరణము దుకాణములు, భోజనశాలలు, వినోదస్థలములు మున్నగువాటిలో ప్రవేశించుటకు మతము, కులము, లింగము మొదలగు కారణములచేత ఏ పౌరునికిని ఆటంకము కలుగరాదని శాసించుచున్నది. వినోదస్థలమున స్త్రీకి ప్రవేశము పౌరహక్కు అన్నమాట! ఆ రాజ్యాంగమును రచించిన సభలో స్త్రీలును కూర్చుండిరి. వారిలో మన దుర్గాబాయమ్మగారు ఒకరు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభవేళ ఆమె పదునాలుగేండ్ల బాలిక. ఖద్దరు ప్రదర్శనమునకు స్వచ్ఛందసేవకురాలు. టిక్కెట్టు లేకుండ వచ్చిన జవహర్లాలు నెహ్రూగారిని ద్వారమున ఆపి, టిక్కెట్టు తెప్పించిన పిదపనే లోనికి విడిచెను. అదియు కావలియే. కాని అది అధికారముతో కూడిన కావలి. తాను పూనుకొన్న కావలి. మన ఇల్లాండ్రది నెత్తిన పడిన కావలి. ద్వారమున రాజ్యాంగము ఆమె నాపదు. టిక్కెట్టు గుమాస్తా యాపడు. ఆపునది ఇంటివారు అప్పగించిన సంచి.

ప్రభుత్వములు తమవంతు కొంత చేసినవి. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మీ పథకముక్రింద ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము కల్పింపబడినది. ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీశక్తి యను పేర అదే సౌకర్యము వచ్చినది. ఈ పథకములపై పరిహాసములు విసరు పురుషులు చాలమంది కలరు. "ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారు" అని వారి ఫిర్యాదు. ఊరికే తిరుగుటయే గదా విహారము! పురుషుడు తరతరములుగా చేసినది అదియే గదా! నలుగురు స్త్రీలు కలిసి, భర్తల యనుజ్ఞకు గాని పైకమునకు గాని ఎదురుచూడక, ఒకనాడు బస్సెక్కి మ్యూజియము చూచివచ్చుటలో మాకు తప్పు కనబడదు, శుభము కనబడుచున్నది. నాంపల్లి ప్రదర్శనమున ఒక దినమును స్త్రీలకే ప్రత్యేకించు ఆచారమును పెద్దలు ఏర్పరచినది అందుకే. అయితే ఉచితప్రయాణము కాళ్లకు స్వేచ్ఛ నిచ్చినది. చేతులకు ఇయ్యవలసినది ఇల్లు.

దర్శనీయస్థలములను పాలించు అధికారులు చేయవలసినదియు మిగిలియున్నది. సామానులు భద్రపరచు గదులు సెలవునాటి రద్దీకి చాలినన్ని యుండవలెను. శుభ్రమైన మరుగుదొడ్లు ద్వారమువద్దనే కాక లోపలను ఉండవలెను. దొడ్డి దొరకదేమో యని ప్రొద్దుటినుండి నీరు త్రాగక తిరుగు స్త్రీల బాధ చెప్పుకొనరానిది. బిడ్డకు పాలిచ్చుటకు మరుగైన గది, వృద్ధులకు కూర్చుండుటకు బల్లలు, త్రాగునీరు ఉండవలెను. ఇవి లేనప్పుడు కుటుంబములో ఒకరు కావలియై నిలువవలసివచ్చును. ఆ యొకరు ఎవరో మనకు తెలిసినదే.

ఇక గృహస్థులకు మా మనవి నాలుగు మాటలు. సెలవునాడు ఒక్క స్థలమునకే పొండు; మిక్కిలి యైనచో రెండు. ఆ స్థలమును ఈసారి ఇల్లాలిని ఎంచుకొననిండు; ఆమె లాడుబజారు అన్నచో లాడుబజారే. భోజనము ఇంటిదైనచో మూడున్నరకు పురుషులును లేవవలయును. బయటిదైనచో ఇడ్లీలు పొట్లము కట్టించుకొని పోవలయును. బిడ్డకును సంచులకును కావలి వంతులవారీగా నుండవలయును. మొదటి వంతు తండ్రిది. గోలకొండ చెట్టునీడలో గంటన్నర కూర్చుండి చూచిన పురుషునికి మా వ్యాసముతో పనిలేదు. మేము ఇన్ని పుటలలో చెప్పినది ఆ చెట్టు ఒక్క గంటలో బోధించును.

అత్తగార్లకు ఒక మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. "మేము చూశామా? మాకు ఎవరు చూపించారు?" అని మీరందురు. మీకెవరును చూపలేదు, అది మీకు జరిగిన అన్యాయము. ఆ అన్యాయమును కోడలికి ఆస్తివలె అప్పగింపకుడు. చెట్టునీడను ఒకరి కొకరు తోడుగా కూర్చున్న మీ యిద్దరి కష్టము ఒక్కటియే.

ఉపాధ్యాయ సోదరులకును ఒక పని కలదు. ఈ సెలవుల పిమ్మట పిల్లలు బడికి వచ్చినప్పుడు 'నేను చూచిన నగరము' అను వ్యాసమును వ్రాయింపకుడు. 'మా అమ్మ చూచిన నగరము' అని వ్రాయింపుడు. ఏమి వ్రాయుటకును తోచక పిల్లలు ఇంటికి పోయి తల్లులను అడుగుదురు. "నేనేం చూశాను నాయనా?" అని తల్లి యనును. తండ్రి వినుచుండును. మరుసటి సెలవునకు ఆ యింటివారు ఎట్లు బయలుదేరుదురో చూతము.